క్రొత్త గళమునకు సాక్షులు



డిసెంబరు మాసము నడిమి నుండి జనవరి తొలి దినముల వరకు మద్రాసు మహానగరమున జరుగు సంగీతోత్సవములను గూర్చి వినని సంగీతప్రియుడు దక్షిణదేశమున నుండడు. 1927 డిసెంబరులో ఆ నగరమున కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, దానితోపాటు ఏర్పాటైన సంగీత సదస్సు నుండి మ్యూజిక్ అకాడమీ యను సంస్థ ఉద్భవించి 1928 లో స్థాపితమైనది. నాటి నుండి సభలు ఒకదానివెంట నొకటి పెరిగి, నేడు మైలాపూరు, త్యాగరాయనగరము మున్నగు ప్రాంతములందు ఒకే దినమున ఏ సభకు పోవలెనో తెలియక రసికుడు చేత పత్రిక పట్టుకొని ఆలోచించు స్థితి ఏర్పడినది. ఆ కచేరీలన్నియు ఒక్క తీరున జరుగునవి కావు. సాయంకాలపు కచేరి సుప్రసిద్ధులది; దానికి టిక్కెట్టు కలదు, ముందు వరుసలకు పోటీ కలదు. మధ్యాహ్నము భోజనములైన వేళ జరుగు కచేరి క్రొత్తవారిది. అనేక సభలలో దానికి ప్రవేశము ఉచితము. గాయకునకు లభించు కాలము సుమారు గంటన్నర. కుర్చీలు చాలవరకు ఖాళీ. ఆ ఖాళీ కుర్చీల నడుమ ఇక్కడొకరు అక్కడొకరుగా కూర్చుండి, కండ్లు మూసికొని, తొడపై మెల్లగా తాళము వేసికొనుచు వినెడి ఆ కొద్దిమందిని గూర్చియే నేను ఈ పూట మాటలాడదలచితిని.

ఆ కొద్దిమంది చేయు పని పైకి చాల స్వల్పముగా కనబడును. కచేరి ముగిసిన పిదప వారు సభ క్యాంటీనులో కాఫీ త్రాగుచు ప్రక్కనున్నవారితో ఒక మాట అందురు. "రేపు మూడు గంటలకు ఫలానా సభలో మళ్ళీ ఈ అమ్మాయిదే ఉందండీ, తప్పకుండా వినండి" అని. విన్నవాడు మరునాడు తానొక మిత్రుని వెంటబెట్టుకొని పోవును. ఆ మిత్రుడు సాయంకాలము ఇంటికి పోయి తన అన్నగారితో చెప్పును. ఏ పత్రికలోను అచ్చుకాని, ఏ గోడపైనను అంటింపబడని ఈ మాట, రెండు మూడు సంవత్సరములలో ఆ గాయకురాలిని మధ్యాహ్నము మూడు గంటల నుండి సాయంకాలము ఆరు గంటల వేళకు చేర్చును. మన సంగీతమున నూతన కళాకారులు పైకివచ్చుటకు బిరుదులు, బహుమతులు, పోటీలు అనేకములు తోడ్పడుచుండవచ్చును గాని, వానియన్నింటికంటె ముందుగా పనిచేయునది విన్నవాడు విననివానితో చెప్పెడి ఈ మాటయే అని నా దృఢవిశ్వాసము.

సభా కార్యదర్శుల యిక్కట్లను తలచినచో ఈ మాట యెంత యవసరమో తేటపడును. హాలు అద్దె, మైకు ఖర్చు, కళాకారుల పారితోషికములు, దూరమునుండి వచ్చినవారి బస, భోజనము, ఇవన్నియు సమకూర్చుకొనవలసిన కార్యదర్శి హాలు నిండునట్లు చూచుకొనక తప్పదు. హాలు నిండవలెనన్న తెలిసిన పేరు కావలెను. పేరు తెలియవలెనన్న అదివరకే నాలుగు సభలలో పాడియుండవలెను. అదివరకు పాడనివానికి మొదటి సభ ఎవరిత్తురు? పదిపన్నెండు సంవత్సరములు గురుశుశ్రూష చేసి, స్వరజతులు, వర్ణములు, కృతులు వందలకొలది పాఠము చేసి, నిత్యము తెల్లవారుజామున లేచి అకారసాధనము చేసిన యువకుడు ఈ వలయమునకు వెలుపల నిలిచి లోపలికి దారి వెదకుచుండును. ఆ దారిని తెరచునది ఆ గాయకుని స్వయముగా విని, వినినదానిని మరియొకరి యెదుట ధైర్యముగా చెప్పగల రసికుడే.

ఈ ధైర్యమునకు మన దేశముననే ఒక మహనీయ నిదర్శనము కలదు. 1919 లో విజయనగరమున మహారాజుగారు సంగీత కళాశాలను నెలకొల్పి, హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నియమించిరి. అప్పటికి ఇరువదియారేండ్ల వయసువాడును, చూపు మందగించినవాడును ఐన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విద్యార్థిగా చేరుటకు అక్కడికి పోగా, దాసుగారు ఆయన వయొలిన్ విని, విద్యార్థిగా చేర్చుకొనుటకు మారుగా ఆచార్యునిగా నియమింపజేసిరని సంగీతలోకమున నేటికిని చెప్పుకొందురు. 1893 లో బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగిన నాయుడుగారు, పిమ్మట ఆ కళాశాలకు తామే అధ్యక్షులై, పక్కవాద్యముగానున్న వయొలినునకు కచేరి వేదికపై స్వతంత్రమైన గౌరవమును సంపాదించిపెట్టిరి. ఈ కథలో నన్ను మిక్కిలి ఆకర్షించునది నాయుడుగారి ప్రతిభ మాత్రమే కాదు, దాసుగారి చెవి. తాను స్వయముగా మహావిద్వాంసుడై యుండియు, ఎదుటి యువకుని బిరుదులు అడుగక, ఎవరి శిష్యుడవని ఆరాతీయక, వినిన నాదమునే ప్రమాణముగా గ్రహించి నిర్ణయము చేసినవాని ఔదార్యము అది.

ఒక్కొక్కప్పుడు అవకాశము దైవికముగా లభించును. 1928 లో మైలాపూరు కపాలీశ్వరస్వామి దేవాలయ వసంతోత్సవమున పాడవలసిన ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరుగారు అస్వస్థులగుటచే, ఆ స్థానమున జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యమను పదునెనిమిదేండ్ల విద్యార్థిని కూర్చుండబెట్టిరి. ప్రసిద్ధుని వినవచ్చిన జనము ఆ బాలుని విని లేచిపోలేదు. ఆ రాత్రి అక్కడ కూర్చుండినవారే ఆయన తొలి ప్రచారకులైరి. ముసిరివారి కొరకు వచ్చి జీఎన్‌బీని వినిపోయిన ఆ శ్రోతల పేర్లు ఏ గ్రంథమునను లేవు. వారి వంటి వారు లేకున్న, వేదికపై ఎంతటి ప్రతిభ ప్రకాశించినను అది ఆ ప్రాకారము దాటి వెలుపలికి రాజాలదు.

మన కృష్ణాతీరమునకు వత్తము. నాటి తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తమున 1930 లో జన్మించిన మురళీకృష్ణుడను బాలుడు పసితనముననే తల్లిని కోల్పోయి, తండ్రి పట్టాభిరామయ్యగారి పెంపకమున పెరిగి, విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడయ్యెను. పంతులుగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందినవారు; విజయవాడలో ఆరాధనోత్సవములను శ్రద్ధాభక్తులతో నిర్వహించినవారు. ఎనిమిదేండ్ల ప్రాయమున ఆ త్యాగరాజ ఆరాధన వేదికపైననే ఆ బాలుడు నిండు కచేరి చేసెను. ఆ బాలుని పేరునకు 'బాల' శబ్దమును చేర్చి బాలమురళీకృష్ణ యని పిలిచినవారు హరికథా విద్వాంసులైన ముసునూరివారు. ఒక హరికథకుడు ఒక బాలునకు పెట్టిన ఆ పేరే ఎనుబదియారేండ్ల జీవితమంతయు ఆయనకు నిలిచినది. హరికథకులు ఊరూర తిరుగువారు. ఒక ఊరి వార్త మరియొక ఊరికి మోయువారు. రైలు బండ్లు, ప్రయాణ సాధనములు కొద్దిగానున్న ఆ దినములలో, బెజవాడలో ఒక బాలుడిట్లు పాడుచున్నాడను మాట గ్రామగ్రామమునకు ప్రాకుటకు అట్టివారి నోరే ఆధారము.

పాలకొల్లు శ్రీనివాసుని కథ ఇంకను సమీపకాలమునాటిది, ఇంకను ఎక్కువగా ఆలోచింపదగినది. 1969 లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేపట్టినది మాండలిన్. అది పరదేశ వాద్యము. సినిమా పాటలలోను, బ్యాండులలోను వినబడునది. గమకమునకు ఒదుగునా యని పెద్దలు శంకించునది. గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులు; వారికి మాండలిన్ వాయించుట తెలియదు. వారు పాడుచుండగా శిష్యుడు ఆ పాటను తంత్రులపై పలికించుచుండెను. గాత్రమునుండి నేరుగా వాద్యమునకు దిగిన విద్య గనుకనే దానిలో గానధర్మము నిలిచినదని నా యూహ. జంటతంత్రులను విడిచి ఐదు ఒంటితంత్రులతో, విద్యుత్ సహాయముతో ఆ బాలుడు వాద్యమును మార్చుకొనెను. 1978 లో గుడివాడలో త్యాగరాజోత్సవములందు తొలి కచేరి. 1981 లో మద్రాసున ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై కచేరి. 1983 లో బెర్లిను జాజ్ ఉత్సవము. ఐదేండ్లలో గుడివాడ నుండి బెర్లిను! ఈ వేగమునకు కారణము ప్రతిభయే, సందేహము లేదు. కాని కరెంటు వాద్యముపై త్యాగరాజకృతి ఏమిటని ముఖము త్రిప్పుకొనుటకు సంప్రదాయజ్ఞులకు పుష్కలముగా కారణములుండగా, ముందు విని పిమ్మట మాటలాడుదమని వచ్చి కూర్చుండిన గుడివాడ శ్రోతలకు, మద్రాసు శ్రోతలకు నేను మనసార నమస్కరింతును. ఈ కళాకారుడు 2014 లో నలుబదియైదేండ్ల వయసుననే మరణించుట మన సంగీతమునకు తీరని లోటు. ఆయనను ఆలస్యముగా గుర్తించియుండినచో మనము పోగొట్టుకొనియుండెడి సంవత్సరములను తలచుకొన్నను నాకు గుండె కలుక్కుమనును.

ఇక సిఫారసు ఎట్లు చేయవలెనను విషయము. నేనెరిగిన యొక వృద్ధ రసికుడు కచేరికి పోవునప్పుడెల్ల జేబులో చిన్న నోటుపుస్తకము నుంచుకొనెడివాడు. దానిలో గాయకుని పేరు, ఊరు, పక్కవాద్యముల వారి పేర్లు, పాడిన రాగములు వ్రాసి, చివర ఒక్క వాక్యము మాత్రము తన అభిప్రాయముగా చేర్చెడివాడు. "బ్రహ్మాండము", "అద్భుతము" అను మాటలు ఆ పుస్తకములో ఎచటను కానరావు. ఒకనాడు నన్ను వీధిలో నిలిపి, "భైరవి పాడాడోయ్ కుర్రవాడు. రెండు ధైవతాలూ ఎక్కడివక్కడ పలికాయి. ఆదివారం గుంటూరులో ఉందట, వెళ్ళిరా" అని చెప్పి తన దారిన తాను పోయెను. నేను పోకుండ ఉండలేకపోతిని. చతుశ్శ్రుతి ధైవతమును శుద్ధ ధైవతమును ఆరోహణావరోహణములలో దేనికి తగినచోట దానిని ప్రయోగించుట భైరవికి ప్రాణమని తెలిసినవానికి, ఆ ఒక్క మాటలో ఆ యువకుని గురువు, పాఠము, నిగ్రహము మూడును తెలిసిపోవును. రాగలక్షణము తెలియనివానికి సైతము, ఈ పెద్దమనిషి ఏదో నిజముగా విని చెప్పుచున్నాడను విశ్వాసము కలుగును. "చాలా బాగా పాడింది" అన్న మాట ఎవరిని గూర్చియైన అనవచ్చును. "మధ్యమకాలములో ఎత్తుకొన్న కృతిని చివరివరకు కాలప్రమాణము చెదరనీయలేదు" అన్నమాట, విన్నవాడు తప్ప అనలేడు.

సంగీతశాస్త్రము చదువుకొననివారు ఇట్టి మాట చెప్పలేరని కొందరు సందేహింపవచ్చును. అట్లు కాదు. ఏ చోట మీ ఒడలు పులకరించినదో, ఏ చోట ప్రక్కవారితో మాటలు మానివేసితిరో ఆ చోటు మీకు తెలియును. అది చెప్పిన చాలును. "మూడవపాట చివరలో ఒక్క పంక్తినే తిప్పితిప్పి పాడినప్పుడు నాకు కన్నీరు వచ్చినది" అని ఒక గృహిణి చెప్పిన మాట, అది నెరవు అని ఆమెకు తెలియకపోయినను, నాకు ఏ విమర్శకుని వ్యాసముకంటెను తక్కువది కాదు.

సిఫారసు చేయువారికి ఒక హెచ్చరిక మాత్రము అవసరమని తోచుచున్నది. క్రొత్తవానిని పొగడుటకై పెద్ద పేరు నొకదానిని తెచ్చి తగిలించుట మన అలవాటు: ఈమె రెండవ సుబ్బులక్ష్మి, ఇతడు మరియొక బాలమురళి అని. ఇందువలన శ్రోత సుబ్బులక్ష్మిని వినుటకు పోవును; అక్కడ పందొమ్మిదేండ్ల బాలిక తన గొంతుతో తాను పాడుచుండును; అతడు నిరాశతో తిరిగివచ్చును. తప్పు ఆ బాలికది కాదు. పసివారి విషయమున మరియు జాగ్రత్త కావలెను. కౌమారమున మగపిల్లల శారీరము మారును. నిన్నటి పై షడ్జము నేడు అందదు. ఆ రెండు మూడేండ్లు శ్రుతి దించుకొని, ఓపికతో సాధన చేసికొనవలసిన కాలము. అప్పుడు నిరుటి పొగడ్తలనే గుర్తుచేసి కచేరులకు తొందరపెట్టువారు ఆ బిడ్డకు ఉపకారము చేయుట లేదు. ఒకమారు విని ఆనందించిన యువగాయకుని రెండేండ్లు గడచిన పిమ్మట మరల వినుడు. అప్పుడు క్రొత్తగా వచ్చినదేమి, పోయినదేమి యని చెప్పగల మిత్రుడు, తొలినాడు చప్పట్లు కొట్టినవానికంటె అతనికి ఎక్కువ ఆప్తుడు.

నేటికాలమున చరవాణిలో రెండు నిమిషముల పాటను మిత్రులకు పంపుట సులభమైనది. దానిని నేను నిరసింపను. ఏ అమెరికాలోనో ఉన్న మన తెలుగువారికి కాకినాడ గాయకుని గొంతు ఆ రాత్రియే చేరుట గొప్ప సౌకర్యము. ఐనను ఆ రెండు నిమిషములలో చేరునది మెరుపు వంటి ఒక స్వరప్రస్తారము మాత్రమే. ఒక రాగమును మంద్రమున మెల్లగా మొదలిడి, ఒక్కొక్క స్వరముపై నిలిచి, దాని చుట్టును తిరిగి, తారస్థాయికి చేరి, మరల దిగివచ్చుటకు పట్టు అరగంట కాలమున గాయకుని మనోధర్మము ఎట్లు పనిచేయుచున్నదో ఆ తునకలో కనబడదు. నెరవులో సాహిత్యపు మాటలు తాళమున తమ స్థానములు తప్పకుండ రాగచ్ఛాయలు మారుచుండుటయు, ఒక్కమారు తొట్రుపడిన గాయకుని వయొలిన్ విద్వాంసుడు మెల్లగా ఎత్తిపట్టుకొనుటయు, అది గమనించి మృదంగమువాడు చిరునవ్వుతో తలయూచుటయు, ఇవి ఎదుట కూర్చున్నవానికి మాత్రమే లభ్యమగు సంపదలు. కావున తునకను పంపునప్పుడు దానితోపాటు తదుపరి కచేరి ఎన్నడో, ఎక్కడో ఒక పంక్తి చేర్చి పంపుడని ప్రార్థించుచున్నాను.

ఈ విషయమున రేడియో చేసిన మేలును ఈ పీఠమునుండి చెప్పుట కర్తవ్యము. 1948 డిసెంబరు 1 వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైన నాటి నుండి, భక్తిరంజని మున్నగు కార్యక్రమముల ద్వారా ఎన్నో గళములు తొలిసారిగా తెలుగు ఇండ్లలోనికి ప్రవేశించినవి. ఆడిషను జరిపి, పాడువారి పేరు చూడక పాటనే విని శ్రేణి నిర్ణయించు పద్ధతి మంచిది. తెల్లవారుజామున పొయ్యి రాజేయుచు వంటయింటిలో విన్న గొంతును, ఆ గాయకుడు తమ యూరి దేవాలయమునకు వచ్చినప్పుడు గుర్తుపట్టి, "రేడియోలో పాడే ఆయన వచ్చాడ"ని ఇరుగుపొరుగువారిని పిలుచుకొనిపోయిన ఇల్లాండ్రు సైతము నేను మొదట చెప్పిన ఆ కొద్దిమందిలోని వారే.

పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో జరుగు త్యాగరాజ ఆరాధనలో ఒక మంచి సంప్రదాయమున్నది. ప్రసిద్ధుడైనను క్రొత్తవాడైనను ఒకే స్వామి సన్నిధిని, ఒకే పందిరి క్రింద, కొద్ది నిమిషములు మాత్రమే పాడి దిగవలెను. అక్కడికి పోవువారు పంచరత్న గోష్ఠిగానము ముగియగానే లేచి రాకుడు. తరువాతి గంటలలో ఒకరివెంట ఒకరు వచ్చి పాడిపోవు అనామకులను వినుడు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున 1978 నుండి జరుగుచున్న త్యాగరాజ ఆరాధనలో ఆ దేశమున పుట్టిన పిల్లలు తెలుగు కృతులను శ్రద్ధతో పాడుచున్నారు. వారిలో తెలుగు రానివారు అనేకులు. తెలుగు మాతృభాషగా గల మనము, కాకినాడలోనో విజయవాడలోనో చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో మన భాషలోని కృతులను, అర్థమెరిగి పాడు మన పిల్లల కచేరికి పది మైళ్ళు పోలేకుండుట నాకు చాల బాధ కలిగించును. త్యాగయ్య తెలుగువాడని సభలలో గర్వించువారికి కొదువ లేదు. ఆయన తెలుగును ఉచ్చారణ చెడకుండ, పదమును అర్థము విరుగనిచోట విరిచి పాడెడి యువకుడు మన ప్రక్కవీధిలోనే యుండవచ్చును. అతని పేరు మనకు తెలియునా?

ఒక చిన్న పని చేయుడు. మీరు విని ఆనందించిన క్రొత్త కళాకారుని గూర్చి మీ ఊరి సభా కార్యదర్శికి ఒక ఉత్తరము వ్రాయుడు. వ్రాయునప్పుడు, కచేరి ఏ ఊరిలో ఏ తేదీన వింటిరో, ప్రధానకృతి ఏ రాగమో, అందు మీకు నచ్చినదేదో చెప్పుడు. మీరును మీ మిత్రులును వత్తురని, అవసరమైనచో టిక్కెట్టు కొని వత్తురని స్పష్టముగా వ్రాయుడు. హాలు నిండదను భయము కార్యదర్శికి అంతమేరకు తగ్గును. వయొలిన్, మృదంగము, ఘటము వాయించినవారి పేర్లు తప్పక చేర్చుడు. వారిలోను క్రొత్తవారుందురు, తని ఆవర్తనము మొదలుకాగానే కాఫీకి లేచిపోవు జనము నడుమ వారు గాయకునికంటెను ఎక్కువ అనామకులుగా మిగిలిపోవుచున్నారు. ఉత్సవముల జాబితాలు నెలల ముందే సిద్ధమగుచుండును గనుక ఆ ఉత్తరమును ఈ వారముననే వ్రాయుట మేలు.